కాలరు లోపలి పదకొండు ముక్కలు

నాన్నకు,

నీ కూతురు నమస్కరించి రాస్తున్నది. అమ్మా, నేనూ, ఎదురింటి అత్తయ్యా ఆరోగ్యంగానే ఉన్నాం. బాగున్నామని మాత్రం రాయలేను. నువ్వక్కడ వేళకు తింటున్నావనీ, కళ్ళజోడు మార్పించుకున్నావనీ నమ్ముతున్నాను. ఫోన్లో నీ నుంచి ‘ఊఁ’ తప్ప ఇంకోమాట రాదు కాబట్టి కాగితమే నయం.

కటింగు కాగితం వెనక రాసిన నీ ఉత్తరం మంగళవారం అందింది. ముందువైపు ఎవరిదో యూనిఫాం చేతి కొలత, వెనకవైపు నా మీద అభియోగం. ‘అమ్మాయి కంపెనీ పక్షం చేరిందట. మన చరిత్రంతా వాళ్ళకు రాసిచ్చిందట. నిజమేనా?’ అని రాశావు. ఆ రెండు ‘ట’లు నన్ను కోశాయి నాన్నా. అదే మాట అత్తయ్య అంటే పట్టించుకునేదాన్ని కాదు. నేను పుట్టిన రోజే నా ముక్కు చూసి “ఇది మాట వినే ముక్కు కాదు” అని తేల్చేసిన మనిషి ఆవిడ. కానీ నువ్వు? ఇరవయ్యారేళ్ళు నీ కుట్టుమిషను పక్కన కూర్చుని పెరిగిన దాన్ని. నన్ను అడిగాక నమ్మాల్సింది, నమ్మేసి అడిగావు.

సరే, వరసగా జవాబులు రాస్తాను.

అమ్మ మోకాలు తగ్గింది. మెట్లెక్కేటప్పుడు మాత్రం ఒక్కో మెట్టునూ తిట్టుకుంటూ ఎక్కుతోంది. తిట్టే ఓపిక ఉంది కనక నువ్వు దిగులు పడక్కర్లేదు.

మైదానం సంగతి అడిగావు. గేటుకు తాళం వేశారు. గోలుపోస్టులు పీకి గోడకు ఆనించారు. లోపల గడ్డి మోకాలెత్తు పెరిగింది. క్లబ్బు బోర్డు తీసేసిన చోట గోడ మీద నలుచదరంగా పాత సున్నం కనిపిస్తోంది, మిగతా గోడంతా మురికిగా ఉండి అదొక్కటే తెల్లగా. ఊళ్ళో మనుషులు అటు వెళ్తూ ఆ తెల్లటి చోటుకేసే చూస్తున్నారు, బోర్డు ఉన్నన్నాళ్ళూ ఒక్కరూ చూసిన పాపాన పోలేదు.

ఎడంకాలితో గోల్సు కొట్టి ఆ పేరే మిగుల్చుకున్న మన ఎడంకాలు పెదనాన్న ఎలా ఉన్నాడని మూడో ప్రశ్న. అది రాయాలంటే చాలా రాయాలి. నాలుగో ప్రశ్న నాకు గుర్తుంది. దానికీ జవాబుంది, కాస్త ఆగు.

కంపెనీ వాళ్ళు మన జట్టుకు లీగులో ఉన్న చోటు కొనుక్కున్నాక నన్ను పిలిచారు కదా, చరిత్ర చదివిన పిల్లవి, మీ తాతగారు మొదటి జట్టులో ఆడారట, క్లబ్బు మీద ఒక పుస్తకం రాసిపెట్టమని. అప్పటికి నువ్వు కుట్టు ఫ్యాక్టరీ పనికని ఈ ఊరు వదిలి నాలుగు నెలలైంది. నేను ఒప్పుకున్నాను. ఎందుకో ఎవరూ అడగలేదు. ఉద్యోగం దొరికితే గంతులేసిందనుకున్నారు. నా లెక్క వేరు. మనం ఎవరమో వాళ్ళకు సరిగ్గా తెలిస్తే పేరూ రంగూ మార్చడానికి చెయ్యి రాదనుకున్నాను. చదువుకున్న వాళ్ళకే వచ్చే భ్రమ ఇది. ఒక విషయాన్ని బాగా రాస్తే దాన్ని ఎవరూ చంపరని.

బాగానే రాశాను నాన్నా. రంగుల మిల్లులో షిఫ్టు మారే వేళ జరిగిన పొరపాటు దగ్గర మొదలుపెట్టాను. మొదటి షిఫ్టు వాళ్ళు నీలం తొట్టిలో ముంచి తీసిన తానును, రెండో షిఫ్టు వాళ్ళు ఇంకా ముంచలేదనుకుని పచ్చ తొట్టిలో వేయడం. నీలమూ కాక, పచ్చా కాక, ఎండలో ఒకలాగా నీడలో ఇంకోలాగా కనిపించే ఆ గుడ్డను ఎవరూ కొనకపోతే, మేనేజరు దాన్ని కూలీల ఫుట్‌బాల్ జట్టు మొహాన పడేయడం. కోతబల్ల దగ్గర పనిచేసే తాతయ్య దాన్ని పదకొండు చొక్కాలుగా కుట్టడం. మొదటి ఆటకు దిగగానే అవతలి జనం “రంగు తప్పినోళ్ళొచ్చార్రోయ్!” అని ఈలలు వేయడం. సగం ఆటలో వాన వచ్చి, మనవాళ్ళ చొక్కాల రంగు కారి, ఒకరినొకరు గుద్దుకున్నప్పుడల్లా అవతలివాళ్ళ తెల్లచొక్కాలకు అంటుకోవడం. ఆట అయ్యేసరికి ఇరవైరెండు మందీ ఒకే రంగులో ఉన్నారంటూ, పుస్తకం కోసం నేను చేసిన ఇంటర్వ్యూలో పెదనాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. “అయిదు గోల్సు తిన్నాం. మీ తాత మాత్రం ఛాతీ విరుచుకుని, ‘ఓడిపోతే పోయాం గానీ అంటించాం కదరా!’ అన్నాడు” అని చెప్పాడు. మరుసటి వారం ఆ తిట్టునే క్లబ్బు పేరుగా బోర్డు మీద రాయించారు. ఆ తర్వాత యాభై ఎనిమిదేళ్ళు ఆ మిల్లు మన కోసం ఏటా ఒక తాను కావాలని తప్పుగా అద్దింది.

ముక్కల సంగతికి ఒక అధ్యాయం మొత్తం ఇచ్చాను. మొదటి చొక్కాలు ఏడాదికే పీలికలైతే, తాతయ్య ఒక్కోదాని మెడ దగ్గర రెండు వేళ్ళ వెడల్పున ఒక ముక్క కత్తిరించి, కొత్త చొక్కా కాలరు లోపల కుట్టాడు. ఏటా పాత చొక్కా నుంచి విప్పి, కొత్తదాంట్లో మళ్ళీ కుట్టడం. అవే ముక్కలు, పదకొండు. ఆయనకు అంకెలు రాయడం రాదు, అందుకని ప్రతి ముక్క అంచునా దారానికి ముళ్ళు వేశాడు. ఒకటో నంబరుకు ఒక ముడి, పదకొండుకు పదకొండు. ఆటగాళ్ళు మైదానంలోకి దిగే ముందు బొటనవేలు మెడ వెనక్కి పోనిచ్చి దాన్ని తాకేవాళ్ళు.

నీ ఒళ్ళో కూర్చునే వయసులో నాకు లెక్క నేర్పింది ఆ ముళ్ళే. “ఏడు ఇవ్వమ్మా” అనేవాడివి. నేను కళ్ళు మూసుకుని వేలితో తడిమి ఇచ్చేదాన్ని. ఒకసారి ఎనిమిది ఇచ్చాను. “వాడికిది వేస్తే గోలు వేయాల్సినోడు పోయి వెనకాల కాపలా కాస్తాడే తల్లీ” అన్నావు. వారం రోజులు భయపడ్డాను.

ఇదంతా పుస్తకంలో ఉంది. మేనేజరు చదివి, “మేడమ్, కళ్ళు చెమర్చాయి” అన్నాడు. నిజంగానే చెమర్చాయి, నేను చూశాను. కళ్ళు తుడుచుకున్న చేత్తోనే క్లబ్బు పేరు కొట్టేశాడు.

కొత్త చొక్కాలు చూపించిన రోజు పాత ఆటగాళ్ళందరినీ పిలిచారు. ముందు వరసలో మెత్తటి కుర్చీలు, మెడలో గుర్తింపు కార్డులు. ఎడంకాలు పెదనాన్న ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, జుట్టుకు నూనె రాసుకుని, నా పక్కనే కూర్చున్నాడు. తెర పక్కకు తీశారు. మెరిసే నీలం. పక్కా నీలం. మన రంగు టీవీలో ఉతకని గుడ్డలా కనిపిస్తోందట. పేరు కూడా మారింది, అది నా చేత్తో రాయను.

తర్వాత మేనేజరు మైకు పట్టుకుని, “మీ సంప్రదాయాన్ని మేం మర్చిపోలేదు. కాలరు లోపల చూడండి” అన్నాడు. ముందు వరసలో అందరికీ తలొక చొక్కా ఇచ్చారు. పెదనాన్నకు పదకొండో నంబరు వచ్చింది, ఆయన జీవితమంతా వేసుకున్న నంబరే. కళ్ళజోడు తెచ్చుకోలేదు. బొటనవేలు కాలరు లోపలికి పోనిచ్చి తడిమాడు. అటు తడిమాడు, ఇటు తడిమాడు. నా చెవి దగ్గరికి వంగి, “ఏమ్మా, నా వేలికేమన్నా అయిందా? తగలట్లేదేంటి?” అన్నాడు.

“అచ్చు వేశారు పెదనాన్నా. ముక్క బొమ్మ. ముళ్ళు కూడా బొమ్మే.”

“ఓహో” అన్నాడు. కాలరు సరిచేసి, “చూసుకోడానికన్నమాట” అన్నాడు.

చొక్కాను కొత్తగా కొన్నప్పుడు ఉన్నంత పొందిగ్గా మడతపెట్టి, కుర్చీలో ఉంచి లేచాడు. నేను వెనకే వెళ్ళాను. గుమ్మం దగ్గర నా భుజం మీద చెయ్యేసి, “పోనీలే. అసలువి మీ నాన్న మిషను సొరుగులోనే ఉన్నాయి కదమ్మా?” అన్నాడు.

“ఉన్నాయి పెదనాన్నా” అన్నాను.

ఇదీ నాన్నా, నీ నాలుగో ప్రశ్న. ‘సొరుగులో రేకుడబ్బాకు దుమ్ము పట్టనీయకు, చెమ్మ తగలనీయకు’ అని రాశావు. దుమ్ము పట్టలేదు, చెమ్మా తగలలేదు. డబ్బా అక్కడ లేదు. ఆరు నెలల క్రితం నేనే తీసుకెళ్ళి వాళ్ళకిచ్చాను.

ఎలా ఇచ్చానో కూడా రాస్తాను, ఊహించుకుంటే నువ్వు నన్ను మరీ మంచిదాన్ని చేస్తావు. మోసపోలేదు. వాళ్ళు నా ముందు కాగితం పెట్టారు. ‘శాశ్వతంగా’ అన్న మాట రెండో వాక్యంలోనే ఉంది. చదివాను. చదివే, ‘కుటుంబం తరఫున’ అని రాసి ఉన్న గీత మీద సంతకం పెట్టాను. మొదటి ఆటలో ఆ పదకొండు ముక్కలూ పదకొండు చొక్కాల్లో కుట్టిస్తామని మేనేజరు నోటిమాటగా అన్నాడు. కాగితంలో ఆ మాట లేదని నాకు తెలుసు. పాతికవేల మంది ముందు మన ముక్కలు మైదానంలోకి దిగుతాయని ఊహించుకున్నాను. ఇంకోటి కూడా ఉంది. పుస్తకం అట్ట మీద నా పేరు ఉంటుందన్నారు. ఉంది. పేరు అచ్చులో చూసుకుని రెండు రోజులు ఆనందంగా తిరిగాను. నిన్ను అడిగితే వద్దంటావని తెలుసు, అందుకే అడగలేదు.

ముక్కలిప్పుడు జట్టును తరలించుకుపోయిన కొత్త ఊళ్ళో, వాళ్ళ కొత్త స్టేడియంలో, అద్దాల పెట్టెలో ఉన్నాయి. పోయిన నెల చూసి వచ్చాను. కింద నల్ల మఖ్మలు, పైన చిన్న దీపం. అందంగా ఉంటుందని ముదురు రంగు నుంచి లేత రంగు వరకు వరసగా పేర్చారు. మూడు పక్కన తొమ్మిది. తొమ్మిది పక్కన ఒకటి. గోలుకీపరు రైట్ వింగులో ఉన్నాడు నాన్నా. జనం ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. అది తప్పు వరస అని ఆ గదిలో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. అద్దం మీద చెయ్యి పెట్టాను. తగల్లేదు.

అమ్మకు ఏమీ చెప్పలేదు. కానీ పదిహేను రోజుల కిందట మిషను సొరుగు లాగితే లోపల గలగలమని చప్పుడైంది. చూస్తే గుండీల డబ్బా. రేకుడబ్బా ఉన్న చోటే సరిగ్గా పెట్టింది. ఖాళీ సొరుగు చప్పుడు నీకు తెలుసు కదా, నువ్వు వచ్చినప్పుడు ఒక్కసారిగా ఉలిక్కిపడకూడదని కాబోలు. నన్ను ఒక్క మాట అడగలేదు. అత్తయ్య అడిగినా బావుండేది.

అన్నిటికన్నా నా ప్రాణం తోడేస్తున్నది పెదనాన్న. ఆ రోజు నుంచీ ఆయన రోజూ సాయంత్రం తాళం వేసిన గేటు దగ్గర టీకొట్టు బల్ల మీద కూర్చుంటున్నాడు. పాతవాళ్ళు ఎవరు వచ్చి క్లబ్బు పోయిందని ఏడ్చినా, “ఎక్కడికి పోతుందిరా? బోర్డు పోయింది, అంతే. ముక్కలు దర్జీ సొరుగులో భద్రంగా ఉన్నాయి. పిల్లే చెప్పింది నాకు” అంటున్నాడట. మొన్న అటు వెళ్తుంటే నన్ను ఆపి నలుగురి ముందూ, “చెప్పమ్మా, చెప్పు వీళ్ళకి” అన్నాడు. తల ఊపాను. వాళ్ళలో ఒకాయన, గేటు దగ్గర టిక్కెట్లు చింపిన ముసలాయన, హమ్మయ్య అని కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఊరు ఊరంతా నా అబద్ధం మీద నడుం వాల్చి నిద్రపోతోంది నాన్నా.

పుస్తకం అట్ట తిప్పి చూస్తే మొదటి పేజీలో తాతయ్య ఫొటో ఉంది. ఆ పేజీ దాటి నేను ముందుకు పోలేకపోతున్నాను. నలభై పేజీల్లో రాసిందంతా నిజం. ముక్కలు నేనే ఇచ్చేశానని రాయని ఆ ఒక్క మాటే ఇంత బరువైంది.

ఇక నీ ఉత్తరం ఆఖర్లో రాసిన సలహా. మీ కుట్టు ఫ్యాక్టరీ ఆఫీసులో హాజరు రాసే ఉద్యోగం ఖాళీ ఉందనీ, ఈ గొడవలన్నీ వదిలేసి వచ్చేయమనీ. నా మీద కోపం ఉన్నప్పుడు కూడా నాకోసం ఖాళీ వెతికావు. అది చదివి ఏడ్చాను. కానీ రాను.

కంపెనీ వాళ్ళు ఆ అద్దాల గదికి బాధ్యత నన్నే తీసుకోమన్నారు. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. ఒప్పుకున్నానని తెలిస్తే అత్తయ్య ఏమంటుందో, గేటు దగ్గర వాళ్ళు ఏమంటారో, నువ్వు తర్వాతి కటింగు కాగితం మీద ఎన్ని ‘ట’లు రాస్తావో నాకు తెలుసు. ఈసారి ఎవరికీ సంజాయిషీ ఇవ్వను. ముక్కల్ని వెనక్కి తెప్పించే దారి లేదు. ఇద్దరు వకీళ్ళను అడిగాను, ఇద్దరూ నా సంతకమే చూపించారు. వేలితో తడిమి ఏది ఎవరిదో చెప్పగలిగిన వాళ్ళం ఈ భూమ్మీద ఇద్దరమే. నువ్వు వాటి దగ్గర ఉండలేవు. నేను ఉండగలను.

రేపు పొద్దున టీకొట్టు దగ్గరికి వెళ్ళి, నలుగురి ముందే, ముక్కలు సొరుగులో లేవని పెదనాన్నకు చెప్తాను. ఒకటో తారీకున కొత్త ఊరు వెళ్తున్నాను. చేరిన రోజే పెట్టె తెరిచి ఒకటి నుంచి పదకొండు దాకా వరస సరిచేస్తాను. ఉద్యోగం మానను.

ఇట్లు,
నీకు ఏడు బదులు ఎనిమిది అందించిన
నీ కూతురు