వచ్చింది లిసెరే

అమ్మకు,

నీ పెద్దకూతురు ఎర్లిండా నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ఆర్తిదోరో మామయ్య, జోయిలా అత్త, పిల్లలు కులాసా. నేనూ కులాసాయే అని రాస్తేగాని ఉత్తరం మొదలుకాదు కాబట్టి అలాగే రాశాను. అక్కడ ఇకితోస్‌లో నువ్వూ మిర్తా ఆరోగ్యంగా ఉండాలని కోరుకుంటున్నాను. మిర్తా, అమ్మకు చదివి వినిపించేటప్పుడు కష్టమైన మాటలు మింగేసే అలవాటు నీకుంది. ఈ ఒక్కటీ రాసింది రాసినట్టు చదువు.

అమ్మా, నీ ఉత్తరం లాంచీలో వంటవాడు తెచ్చిచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. మామయ్య నడుము ఎలా ఉందని అడిగావు. నొప్పి అలాగే ఉంది, చేపల వేట మాత్రం మానడు. నువ్వు పంపిన పూల గుడ్డ చూసి అత్త, "మీ అమ్మ నేనింకా పెళ్ళినాటి సైజులోనే ఉన్నాననుకుంటోంది. ఇది గౌనుకేం చాలుద్దే, సంచి కుట్టుకోవాలి" అని నవ్వింది. నేను సరిగ్గా తింటున్నానా అని అడిగావు. అత్త పెండలం కల్లు గిన్నె నా చేతికిచ్చి ఎదురుగా కూర్చుంటుంది, ఖాళీ చేసేదాకా కదలదు. తిండికి లోటు లేదు.

దుంగలు కొట్టే పనికి పోయి తిరిగిరాని తమ్ముడు లిసెర్ గురించి పుకాల్పాలో ఏమన్నారని అడిగావు. ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ రంపాల చప్పుడు, ఎర్రదుమ్ము తప్ప నాకేమీ దొరకలేదు. తల దువ్వుకుంటే దువ్వెన ఎర్రబడేది. కలప కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా, ఫ్యాను ముందు చొక్కా గుండీలు విప్పుకుని కూర్చుని, లిసెర్ పేరు వినగానే చెయ్యి ఊపేశాడు.

"వాడి పేరు కొట్టేశాం. పని మధ్యలో పారిపోయాడు."

"పారిపోతే ఇంటికి రావాలి కదయ్యా?"

"మీ ఇంటికి రావడానికే పారిపోయాడని ఎవరు చెప్పారమ్మా? ఏ పిల్ల వెనకాలో పోయుంటాడు."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ బల్ల మీదున్న సిరాబుడ్డి ఎత్తి వాడి నెత్తిన పోసేదాన్ని, కానీ నా పక్కన ఒక తల్లి కూడా కొడుకు కోసం వచ్చి నిలబడి ఉంది, ఆమె పని చెడగొట్టడం ఇష్టంలేక ఊరుకున్నాను. ఆస్పత్రిలో అడిగాను, రేవులో అడిగాను, చివరికి జైలు గేటు దగ్గర కూడా అడిగాను. లిసెర్ ఎక్కడా లేడు. దుంగలు కొట్టే చోటు మామయ్య ఊరికి పైన, ఈ ఏరు మొదలయ్యే చోటే ఉందని తెలిసి ఇక్కడికి వచ్చేశాను. వచ్చేసరికి ఏట్లో నీళ్లు తగ్గిపోయాయి, పడవ పైకి పోదు. "వానలు పడనీ, నేనే తీసుకుపోతా" అన్నాడు మామయ్య. నేను వానల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

ఇక నువ్వు అడగని సంగతి చెబుతాను. వానలకు ముందు ఒక సాయంత్రం ఈ ఊరికి చుల్లచాకి వచ్చింది, అదే, అయినవాళ్ల మొహం పెట్టుకుని పిలుస్తుందని, ఒక పాదం వంకరగా ఉంటుందని నువ్వు చెప్పే అడవి దయ్యం. ఊరంతా అలాగే చెప్పుకుంటున్నారు. మన లిసెర్ మొహంతోనే వచ్చిందట, కాళ్లు మాత్రం జత కుదరలేదట. ఆడవాళ్లు గిన్నెలు మోగించారు, మగవాళ్లు తుపాకులు తెచ్చారు, పొగాకు కాల్చి పొగ ఊదారు. అది కుంటుకుంటూ చెట్లలోకి పోయింది. నేను ఏడుస్తుంటే అత్త నా తల నిమిరి, "అది మనోడి మొహం తగిలించుకొచ్చిందే పిల్లా. తలుచుకుని ఏడిస్తే మళ్లీ వస్తది. ఊరుకో" అంది.

మామయ్య కూడా, "మనోడైతే నాలుగు బూతులు తిట్టి ఇంట్లోకొచ్చి కూర్చుంటాడు గాని పోతాడా? వాడి సంగతి నాకు తెలీదూ?" అన్నాడు.

ఆ తర్వాత వానలు పడ్డాయి. ఏరు పొంగి, పై నుంచి దుంగల తెప్పలు దిగాయి. ఒక తెప్పవాడు ఉప్పు కోసం మన రేవులో ఆగాడు. లిసెర్ గురించి అడిగితే నా వైపు చూడలేకపోయాడు.

"దుంగ దొర్లి పాదం మీద పడిందమ్మా. నడవలేడు. ఆకుల పాకలో పడుకోబెట్టి, పడవ పంపిస్తామని చెప్పి మేం కిందికొచ్చేశాం."

"పంపించారా?"

"నీళ్లు లేవు కదమ్మా" అన్నాడు.

మామయ్య పక్కనే వల బాగుచేసుకుంటూ అంతా విన్నాడు. తల ఎత్తలేదు. "పాదం నలిగినోడు ఇంత దూరం ఎట్టా నడుస్తాడు? పాపం, పైనే పోయుంటాడు. మన దగ్గరికొచ్చింది అదే" అన్నాడు. నాలుగు ఇళ్లవాళ్లు అవునన్నారు. నన్ను చూసి జాలిపడ్డారు. వాళ్ల జాలి నేను భరించలేకపోతున్నాను, ఎందుకో విను.

ఆ సాయంత్రం ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. అత్తా మామయ్యా పక్కవాళ్ల పొలం పనికి వెళ్లారు. గుంజల మీద కట్టిన ఇల్లు కదా, పైన పొయ్యి దగ్గర అరటికాయలు ఒలుస్తుంటే అడవి వైపు నుంచి "అక్కా" అని వినిపించింది. నీ ఉత్తరం అంతకుముందే చదివాను. పొద్దువాలే వేళ ఎవరు పిలిచినా మొహం చూడకు, కాళ్లు చూడు అని రాయించావు. అప్పుడు నవ్వుకున్నాను, అమ్మ ఇంకా మారలేదని. పిలుపు వినగానే నవ్వు పోయింది. ముందు నిచ్చెన పైకి లాగేశాను.

కింద గడ్డిలో నిలబడి ఉన్నాడు, కర్ర పట్టుకుని. గడ్డం పెరిగింది, కళ్లు లోపలికి పోయాయి. "అక్కా, నేనే. నిచ్చెన వెయ్యి."

"కాళ్లు చూపించు" అన్నాను.

"వద్దే, చూడకు. భయపడతావు."

భయపడతానని దాచుకున్నాడమ్మా. చిన్నప్పుడు మోకాలు కొట్టుకున్నా నాకు చూపించేవాడు కాదు, నేను ఏడుస్తానని. అది ఇప్పుడు గుర్తొస్తున్నది. అప్పుడు మాత్రం, దాస్తున్నదంటే దయ్యమే అనుకున్నాను. చూపించకపోతే అరుస్తానన్నాను. గడ్డి పక్కకు నెట్టి చూపించాడు. ఆకులు కట్టిన పాదం, తలగడంత వాచి పక్కకు తిరిగి ఉంది. నేను పొయ్యిలోంచి కొరివి తీసి విసిరాను. భుజానికి తగిలింది. "అక్కా, కాలిందే" అన్నాడు. దయ్యాలకు కాలుతుందా అమ్మా? ఆ మాటే ఆలోచించలేదు, గొంతు చించుకుని ఊరందరినీ పిలిచాను. తుపాకులు చూసి వెళ్లిపోయాడు.

తెప్పవాడి మాట విన్నప్పటి నుంచి వెతుకుతూనే ఉన్నాను, ఒక్కదాన్నే. అడవి అంచు దాటితే దారి తెలియదు, అరిచి అరిచి తిరిగొస్తాను. పిలిచేది నేనే అని తెలిస్తే వాడు పలుకుతాడా అని కూడా అనిపిస్తుంది. బతికి ఉన్నాడని నీకు రాసే ధైర్యం నాకు లేదు. ఊళ్లో మగవాళ్లు, కుక్కలు కదిలితేనే ఏదైనా దొరుకుతుంది, కనీసం పాతిపెట్టుకోవడానికైనా. కానీ దయ్యాన్ని వెతకడానికి ఎవరు వస్తారు?

నువ్వు కూడా నన్ను ఓదార్చాలనుకుంటావు. నీ మాట విన్నందుకే ఇలా అయిందని నిన్ను నువ్వు తిట్టుకోలేక, అది వాడు కాదులే అంటావు. అనకమ్మా. నువ్వు కూడా ఆ మాటంటే ఇక వాడి కోసం వెతికేవాళ్లు ఉండరు. ఇది అందిన రోజే మిర్తాను తీసుకుని రేడియో స్టేషనుకు వెళ్లు. సాయంత్రం ఏటిగట్టు ఊళ్లకు కబుర్లు చదివేవాళ్లకు ఇది ఇవ్వు: "ఆర్తిదోరో, మీ అక్క చెబుతున్నది. మీ ఊరికి వచ్చింది నా కొడుకు లిసెర్. నా పెద్దకూతురు ఎర్లిండా నిచ్చెన లాగేసి, నిప్పు విసిరి తరిమేసింది. వెళ్లి వెతకండి." మామయ్య నీ మాట కాదనడు. ఊరంతా వింటుంది, విననీ. నా పేరు మాత్రం తీసెయ్యకు.

ఇట్లు,
లిసెర్ అక్క,
ఎర్లిండా