సీటు కింది స్విచ్ తొలగింపు గురించి

పచ్చికకు సైతం క్రమశిక్షణ నేర్పుతున్న గౌరవనీయ అధికార గణానికి, గడ్డి కోసే బండి నడిపే నేను విన్నవించునది:

నడిపేవాడు లేస్తే ఇంజినుతో పాటు కత్తి ఆగిపోయేలా సీటు కింద ఒక స్విచ్ ఉండేది. నిన్న సూపర్‌వైజరు గారు బండిని పరీక్షిస్తూ, తమరి కారు కనబడగానే నమస్కారానికి లేచారు. ఇంజిను ఆగింది.

“పెద్దలొస్తే లేవనివ్వదా? ఎంత పొగరు దీనికి!” అని స్విచ్ పీకించి, తీగలు కలిపించారు.

“మరి నా కాళ్ల సంగతేంటి సార్?”

“కాళ్లదేముందయ్యా, మర్యాద ముఖ్యం!”

ఈ ఉదయం దారిలో రాయి తీయడానికి దిగితే, ఆగని కత్తి నా చెప్పు అంచు కోసుకుపోయింది. వారి వినయం ఈసారి పాదం దాకా రాగలదు.

కావున డిమాండు సంఖ్య ఒకటి: స్విచ్ తిరిగి బిగించి, తమరు ఎదురైనా బండి మీదివాడు లేవరాదని ఉత్తర్వు ఇవ్వాలి. అంతవరకు తాళంచెవి నా జేబులోనే ఉంటుంది.