ఈ చీర దిగినంక

అమూల్యా,

అలంపూర్ జోగులాంబ తల్లి నిన్ను చల్లగా చూడాలి.

నీ కొత్త కంపెనీ ప్లాను చదివాను. గద్వాల చీరలను ఫోన్‌లో అమ్మాలన్న ఆలోచన నాకు నచ్చింది. ఈ వ్యాపారంలోనే తల నెరిసినదాన్ని, నమ్మి పెట్టుబడి పెడతాను. కానీ మగ్గాలు నెలంతా ఆడతాయని రాశావు. అమావాస్య నాడు నేతవాళ్లు మగ్గం ముట్టరని మరిచిపోయావు.

మీ పెదనాన్న మరిచిపోలేదు, కావాలనే ఆ సెలవు మానేశారు. కొట్టు పెట్టినప్పటి నుంచి అమావాస్యకూ నేసేవారు. ఆ ఒక్కరోజైనా అలంపూర్ పోదామంటే నవ్వేవారు. "అమ్మవారు యాడికి పోతదే? ఈ చీర దిగినంక పోదాం తియ్" అనేవారు. అది నేసి మగ్గం మీంచి దించేలోపు ఇంకో ఆర్డర్ వచ్చేది. అమావాస్యకు మగ్గం ఆపినవాళ్ల కొట్లూ మాతోపాటే పెరిగాయి.

నిరుడు మాఘంలో సగం నేసిన చీర మీదే ఒరిగిపోయారు. ఆయనన్నది నిజమే, అమ్మవారు ఎక్కడికీ పోలేదు. ఆయన అస్థికలు పట్టుకుని అలంపూర్ వెళ్లి తుంగభద్రలో కలిపాను. మైలలో ఉన్నాను కదా, గుడిలోకి పోలేదు. దూరం నుంచే గోపురానికి దండం పెట్టి వచ్చేశాను.

నీ ప్లానులో అమావాస్య సెలవు రాయి. నేతవాళ్లకే కాదు, నీకు కూడా. ఇది ఒక్కటే నా షరతు.

సంవత్సరీకం అయిపోయింది కాబట్టి వచ్చే అమావాస్యకు నాతో అలంపూర్ రా. ఆర్డర్ ఉందని మాత్రం అనకు తల్లీ. మీ పెదనాన్న నేసిన ఆ సగం చీర ఇంకా మగ్గం మీదే ఉంది. అది దిగకపోయినా మనం పోదాం.

మీ పెద్దమ్మ,
గద్వాల