నువ్వు పంపిన నత్తరాయి

తమ్ముడూ,

ఇంగ్లండులో రాళ్లు ఏరడం కొత్తగా మొదలుపెట్టి, మొదట దొరికిన చుట్టల రాయిని నాకు పంపావు. సాలగ్రామమనుకుని పూజలో పెట్టాను. "అక్కా, అది దేవుడు గాదే, ఎన్నడో రాయైపోయిన నత్త" అని రాశావు. ఆ ఏడే అక్కడి సముద్రపొడ్డున రాళ్లు ఏరుతుంటే కొండచరియ విరిగిపడి నీ తల చితికింది.

ఈరోజు పర్ణశాల రేవులో నీ తద్దినం పెట్టించి ఇంటికొచ్చాం. నేను ఆ రాయికి నీళ్లు పోస్తుంటే నీ నడిపన్న సమ్మెట పట్టుకొచ్చాడు.

"తమ్ముణ్ని మింగిన రాయికి మొక్కుతవా? చెయ్యి తియ్ అక్కా."

తియ్యలేదు. అప్పటికే సమ్మెట దిగింది. నా రెండు వేళ్లు నలిగాయి, రాయి రెండు ముక్కలైంది.

దవాఖానాలో వాడు ఏడుస్తుంటే, రోకలి పడిందని డాక్టరుకు నేనే చెప్పాను.

ఇంటికొచ్చి ఎడమచేత్తో దీపం వెలిగించాను. ఒక ముక్క కడిగి వాడి దోసిట్లో పెట్టాను. వాడు వద్దనలేదు.

పెద్దక్క