మాసమ్మ చూసిన సినిమా

అశోక్‌నగర్,
ఆదివారం

మనీష నాన్నగారికి,

మహేశ్వరి నమస్కారాలు. ఇక్కడ నేనూ మనీషా బాగానే ఉన్నాము. నాగపూర్ ఎండల్లో మీ ఒంట్లో ఎలా ఉందో రాయండి. ఈ సంగతి ఫోన్లో ఎత్తితే మీకు కోపం వస్తుంది, నాకు మాట తడబడుతుంది. అందుకే ఉత్తరం.

మీరు అడిగినవాటికి ముందు జవాబు. మోకాలి నొప్పి అలాగే ఉంది. మన హాస్టల్ వంటకు సాయం వచ్చే స్వర్ణ మానేసింది. పొద్దుటి టిఫిన్ నుంచి రాత్రి గిన్నెల దాకా నేనే. మనీష బ్యాంకు పరీక్షకు దరఖాస్తు పెట్టలేదు. తను తీస్తున్న సినిమా మాత్రం పూర్తయింది.

మొన్న చిక్కడపల్లిలో ఒక చిన్న హాల్లో వేశారు. పావుగంట ఉంటుంది. పోయినేడు మన పై గదిలో ప్రాణం తీసుకున్న రాఘవేందర్ గుర్తున్నాడు కదా, గ్రూప్స్‌కు చదివిన పిల్లవాడు. అతని సామాను తీసుకెళ్ళడానికి వాళ్ళమ్మ మాసమ్మ వచ్చిన ఆ ఒక్క పూటే కథ. ఊరు విడిచి ఇప్పుడామె కూలిపని చేసుకుంటూ ఉంటున్న ముషీరాబాద్ బస్తీకి వెళ్ళి, తీసే ముందు మనీష ఆమెను అడిగింది. "తియ్యి బిడ్డా" అందట.

స్నేహితురాలి కెమెరా, మన గది, మన బకెట్లు, అంతే. లైట్లు కూడా పెట్టలేదు. ముఖాలు సరిగా కనిపించవు. ఒకామె వచ్చి పరుపు చుడుతుంది, పుస్తకాలు మూట కడుతుంది, తలుపు దగ్గర చాలాసేపు నిలబడుతుంది. ఏడవదు. పాట లేదు, మాట లేదు. కింద కుక్కర్ కూతలు, పిల్లలు టిఫిన్‌కు దిగే చప్పుడు. కొందరు మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. నాకూ మొదట లేచిపోవాలనిపించింది. చూస్తూ చూస్తూ ఆ గదిలోనే ఉండిపోయాను. ఆ రోజు మనం కిందే ఉండి చూడనిది మన పిల్ల చూసిందండీ.

మాసమ్మ కూడా వచ్చింది. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళకు సిమెంటు అలాగే ఉంది. సినిమా అయ్యాక మనీషకు ఆమె దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు. నేనే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

ఆమే అంది: "ఆ దినం నాకు ఏడుపు రాలేదమ్మా. కొడుకు పోతె కంట్ల నీళ్ళు రాలేదని ఊరంత అన్నరు. నేను గూడ గట్లనే అనుకున్న, నేనేం తల్లినని." నా చెయ్యి పట్టుకుంది. "నీకు గూడ రాలే గదా."

అవునండీ. ఆ తల్లి వేషం వేసింది నేనే. ఆ వేషం వేయడానికి నారాయణగూడ నుంచి రావలసిన ఆవిడ ఆ పూట రాలేదు. నాకు చేతకాదంటే మనీష వినలేదు. "నటించకమ్మా. అందరికి వడ్డించినంక వంటింట్ల ఎట్ల నిలబడ్తవో గట్లనే నిలబడు" అంది. అలాగే నిలబడ్డాను. నా నిలబడటాన్ని ఇన్నేళ్ళుగా ఒకరు చూస్తున్నారని అప్పుడే తెలిసింది. మీరేమంటారోనని ఇన్నాళ్ళూ చెప్పలేదు.

మళ్ళీ ఒక్కసారి చూపించమని మాసమ్మ అడిగింది. హాల్ ఖాళీ చేయమంటే, బయట మెట్ల మీద మనీష తన లాప్‌టాప్‌లో పెట్టింది. ఈసారి మాసమ్మ మొదటినుంచీ ఏడుస్తూనే ఉంది. మేమిద్దరం ఊరుకోమనలేదు.

దరఖాస్తు పెట్టమని పిల్లకు ఇక నేను చెప్పలేను. చెప్పాలనుకుంటే మీరే చెప్పండి, కానీ సినిమా చూసి చెప్పండి. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఉంటాను.

ఇట్లు,
మీ ఇల్లాలు
మహేశ్వరి