నాలుగు చెంబుల నూనె

తాండూరు, 1961 ఎండాకాలం, ఆదివారం.

మామిడికాయ తొక్కుకు నాలుగు చెంబుల నూనె కావాలె. దుకాణంల ఇప్పుడు కొలుస్తలేరు, కిలోలల్ల తూస్తున్నరు. మా చెంబెడు నీళ్లు సరిగ్గ కిలో తూగినయి. అందుకే నాలుగు కిలోలు తెమ్మన్నది అత్తమ్మ.

నూనె నీళ్ల మీద తేలుతది, అంటే తేలికనే కద. పావు తక్కువ నాలుగు కిలోలు చాలని నేనన్న.

"తొక్కు బూజు పడితే నిన్నే అడుగుత" అన్నది.

తెచ్చి పోస్తే నాలుగు చెంబులు నిండినయి. డబ్బా అడుగున జర మిగిలింది గూడ. నాకు మస్తు ఖుషీ అయింది.

అత్తమ్మ ఆ మిగిలింది సూసి, "లెక్క నీదే నిజం బిడ్డా. గని కొలిచేటోడు ఆఖరుకు ఇంత కొసరు పోస్తుండె. తూసేటోడు పోసిండా?" అన్నది.

పొయ్యలేదు. తరాజు ముల్లు నిలబడంగనే దుకాణపాయన చెయ్యి ఆగింది. నేనే సూసిన.