పొలి గంప, లేఅవుట్ గేటు

తార్నాక, హైదరాబాద్.

అన్నకు పద్మ నమస్కారాలు. నేనిక్కడ బాగున్నాను. నువ్వు, వదిన, అవ్వ, పాప అందరూ బాగున్నారని తలుస్తాను. అవ్వ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్లో పొలి గంప మాట ఎత్తగానే పెట్టేస్తున్నావు కనక ఇది రాస్తున్నాను. కోపమొస్తే పక్కన పెట్టి, అన్నం తిన్నాక చదువు.

ముందు నా సంగతులు. ఎండలు తగ్గాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా యూనివర్సిటీ లైబ్రరీలోనే ఉంటున్నాను. వంట నేనే చేసుకుంటున్నాను గానీ సంగటి ఇంట్లోలా కుదరడం లేదు. ఆదివారాలు ఒంటరిగా ఉంటుంది, అబద్ధమెందుకు. అయినా బాగానే ఉన్నానని అవ్వకు చెప్పు. ఎవరైనా ఇటు వస్తుంటే వదినను చెనక్కాయల పొడి పంపమను.

నేనేం చదువుతున్నానని వదిన అడిగింది. ఇంగ్లండులో ఒక ఊరి చరిత్ర. పేరు రాస్తే నీకు నోరు తిరగదు, వదిలెయ్. ఒకప్పుడు గొర్రెలు, గోధుమ చేలు, ఒక చర్చి, అంతే. పక్కన పట్నం పెరిగింది. రైలొచ్చింది, చేలల్లో వరసగా ఒకే రకం ఇళ్లు లేచాయి, చివరికి ఊరు పట్నంలో ఒక వార్డయింది. అచ్చం మన ఊరే. టౌన్లో కలిపితే వీధి దీపాలొస్తాయని మనవాళ్లు సంబరపడ్డట్టే, వాళ్లు మురుగు కాలువలొస్తాయని సంబరపడ్డారు. వచ్చాయి కూడా.

కానీ ఏడాదికోసారి అక్కడి జనం పాత పొలిమేర వెంట నడిచి, హద్దు ఎవరూ మరవకుండా చేతి బెత్తాలతో హద్దురాళ్లను కొట్టేవాళ్లు. ఊరు పట్నమైనా అది మానలేదు. ఒక రాయి ఎవరి వంటింట్లోనో పడింది. ఏం చేశారనుకున్నావు? ముందే ఒకరు వెళ్లి ఆ ఇంటావిడకు చెప్పేవాళ్లు. ఆవిడ తలుపు తీసేది. వీళ్లు లోపలికెళ్లి రాయిని కొట్టి పెరటి దారిన పోయేవాళ్లు.

అది చదువుతుంటే నువ్వే గుర్తొచ్చావు. నిరుడు జాతరకు నెత్తిన గంపతో, ఊరి పొలిమేర చుట్టూ అమ్మవారి పొలి అన్నం చల్లుకుంటూ, ఆ పొలిమేర మీదే లేచిన కొత్త లేఅవుట్ గేటు దాకా వచ్చావు. చుట్టు పూర్తయ్యేదాకా గంప మోసేవాడు నోరు విప్పకూడదు. వాచ్‌మన్ ఎవరింటికని అడిగాడు. వెనకవాళ్లు ఇంకా దూరంలో ఉన్నారు. నువ్వు చెప్పవు, వాడు వదలడు. దొంగవనుకుని నలుగురిని పిలిచాడు. మేడ మీది పిల్లలు ఫోన్లలో తీశారు. నువ్వు సగంలోనే తిరిగొచ్చి, ఇక గంప ముట్టనన్నావు. ఆ వీడియో చూసి నేను ఏడ్చాను. అయినా నాయన పోయాక గంప ఎత్తాల్సింది నువ్వే. నువ్వు మానేస్తే అది మనతోనే ఆగిపోతుంది. మన ఊరు ఎక్కడి దాకానో పాపకు చూపించేవాళ్లే ఉండరు.

ఇదంతా మా ఇంటి ఓనరమ్మకు చెప్పాను. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. బోనాలప్పుడు వాళ్ల బస్తీ చుట్టూ ఇప్పటికీ బలిగంప తిప్పుతారట, అపార్ట్‌మెంట్ల మధ్య నుంచే. అంతా విని నవ్వింది.

"గంప ఎత్తినోడు మాట్లాడడు, సరే. మరి మాట్లాడేటోళ్లు ముందట ఉండాలె గద బిడ్డా?"

ఆ మాట మనలో ఒక్కరికీ తోచలేదన్నా. మన ఊళ్లో ఎప్పుడూ గంపే ముందు. గేట్లు లేని రోజుల్లో అది సరిపోయింది.

అందుకని ఈసారి జాతరకు ముందుగానే వస్తున్నాను. లేఅవుట్లో గడప గడపకూ వెళ్లి చెబుతాను, వాచ్‌మన్‌కు కూడా. ఆ రోజు నీ ముందు నేనే నడుస్తాను. ఆడపిల్ల ముందు నడవడమేమిటని చిన్నాయన అంటాడు, అననీ. చిన్నప్పటి నుంచి దీనికి నోరెక్కువని మీరంతా తిట్టిన నోరే కదా, ఇన్నాళ్లకు ఊరికి పనికొస్తుంది.

అవ్వ పాదాలకు, చిన్నాయనకు నా నమస్కారాలు చెప్పు. పాపకు ముద్దులు. పెద్దవాడివి, దీవించి ఊ అను.

గంప నువ్వు ఎత్తుకో. మాట నేను చూసుకుంటాను.

నీ చెల్లెలు,
పద్మ